గాలి అని మాత్రమే చెప్పాను

ఒక్క మాట. రెండక్షరాలు. దాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. బండరాళ్లు మోసినవాణ్ణి, మోయించినవాణ్ణి, బరువంటే ఏమిటో నాకు తెలుసు. రాయిని కింద పెట్టేస్తే భుజం తేలికవుతుంది. ఈ మాటను ఎక్కడ పెట్టాలో తెలియలేదు. భార్యకు చెప్పలేదు. దేవుడికి కూడా చెప్పలేదు, ఆయనకు తెలుసు కదా అని తప్పించుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్ల మొహం చూసి చెప్పే ధైర్యమే ఉంటే ఇలా రాసుకోవాల్సిన అవసరం ఉండేది కాదు. నా పేరు చెప్పను. కొత్తచెరువుకు కొంచెం ఎడంగా, గుట్ట పక్కనున్న ఊరు అనుకోండి. ఆ గుట్ట ఇప్పుడు సగమే ఉంది. మిగతా సగం మేం తినేశాం.

తొంభైల చివరి మాట. వేరుశనగ వేసినవాడికి విత్తనం కూడా తిరిగి రాని ఏళ్లు. అటు పుట్టపర్తిలో కట్టడాలు లేస్తున్నాయి, చుట్టూ రోడ్లు పడుతున్నాయి, అన్నిటికీ కంకర కావాలి. గుట్ట కింద కంకర మిషను పెట్టారు. యజమాని దూరాన ఉండేవాడు. ఇక్కడ నేనే అన్నీ. మేనేజరన్నా అని పిలిచేవాళ్లు. పని కావాలన్నా నేనే, వద్దన్నా నేనే. చెయ్యి చేసుకునేవాణ్ణి. తెగిపోయిన మిషను బెల్టు ముక్క ఒకటి ఎప్పుడూ నా జీపులో ఉండేది. దానితో ఎంతమందిని కొట్టానో నాకు గుర్తులేదు, తిన్నవాళ్లకు గుర్తుంటుంది. అప్పట్లో దాన్ని పని చేయించడం అనుకునేవాణ్ణి.

మిషను నోట్లో బండ పడితే దుమ్ము లేచేది. లేచి ఊరి మీదికి పోయేది. ఆరేసిన చీరలు, మేకల వీపులు, చేలో ఆకు, అన్నం కుండ మీది మూత, అన్నీ ఒకే తెలుపు. దుమ్ము లేవకుండా బండల మీద నీళ్లు చల్లాలి. దానికని ఒక ట్యాంకరు వచ్చేది. ఊళ్లో బోర్లు ఎండిపోయాక ఆడవాళ్లు బిందెలతో వచ్చి, "రాళ్లకు పోస్తావు, మాకు పొయ్యవా అన్నా" అని అడిగారు. రాళ్లకు ఆపి వాళ్లకే పోయించాను. ఊరంతా నన్ను ధర్మప్రభువంది. తాగడానికి నీళ్లిచ్చాను, పీల్చడానికి దుమ్మిచ్చాను. అది తప్పో ఒప్పో ఇప్పటికీ నాకు తేలలేదు. నేను చెప్పబోయేది దాని గురించి కాదు.

ఊళ్లో నన్ను ఎదిరించింది ఒక్క ఓబుళమ్మే. ఆమె మొగుడు తిప్పన్న మా దగ్గర బండలు పేల్చేవాడు. ఒకరోజు ఎగిరొచ్చిన రాయి తలకు తగిలి అక్కడికక్కడే పోయాడు. అప్పటినుంచి ఆమె రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడి దోసిళ్లతో దుమ్మెత్తి పోసేది. "నా మొగున్ని తిన్నారు, ఇంగ పిల్లోళ్లను తింటాండారు. ఇంటింటికీ పోయి సూడు, ఎట్ల దగ్గి దగ్గి ఎగపోస్తాండారో" అని అరిచేది. ఒకరోజు పని చేసేవాళ్లంతా చూస్తుండగా బెల్టు తీసుకుని దిగాను. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో ఆమె చెంప చిట్లింది. ఎవరూ అడ్డం రాలేదు. ఆమె రక్తాన్ని అరచేత్తో తుడుచుకుని, ఆ చెయ్యి నాకు చూపించి వెళ్లిపోయింది. ఆ తర్వాత పిల్లల దగ్గు గురించి ఊళ్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

మిషను నోటికి బండలందించే పనిలో నాగప్ప ఉండేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. కొట్టినా తిట్టినా "అట్లే అన్నా" అనేవాడు. అతని కూతురు సుజాత. ఇంకా బడికి వెయ్యలేదు. మధ్యాహ్నం నాయనకు సద్ది తెచ్చేది. అతను తిన్నంతసేపూ కంకర కుప్ప మీద కూర్చుని ఆడుకునేది. ఇంటికి పోయేటప్పుడు తలా, కనురెప్పలూ తెల్లగా ఉండేవి. దారిలో ఎవరైనా "యాడ్నించి వస్తాండావే" అని అడిగితే "మిషను కాడ్నించి" అని గొప్పగా చెప్పేది. ఆ జవాబు గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోలేకపోతున్నాను.

ఆ పిల్లకు ఎగపోత మొదలైంది. డొక్కలు లోపలికి పోతాయి, మెడ నరాలు లేస్తాయి, గొంతులో పిల్లనగ్రోవి మోగినట్టు సన్నగా కూత. ఒకరోజు సద్ది గిన్నెతో వచ్చి నా జీపు ముందే కూలబడింది. పెదాలు నీలం. నేనే ఎత్తుకుని జీపులో వేసి, నాగప్పను ఎక్కించుకుని అనంతపురం తీసుకుపోయాను. ఆ పరుగు నిజం. ఆ పిల్ల బతకాలనే తోలాను. నేను పుట్టు దుర్మార్గుణ్ణి కానని చెప్పడానికి ఇది రాయడం లేదు. దుర్మార్గం ఎక్కడ మొదలైందో చూసుకుందామని రాస్తున్నాను.

పిల్లల డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. మూతికి మాస్కు పెట్టి మందు పొగ పట్టించమంది. నాగప్ప లోపలి గదిలో కూతురి మొహానికి ఆ మాస్కు పట్టుకుని కూర్చున్నాడు. రక్తం పరీక్ష వచ్చాక, "ఆ పాప తాలూకు ఎవరు?" అని పిలిస్తే నేను వెళ్లాను.

"రక్తంలో ఈసినోఫిల్స్ బాగా పెరిగిపోయాయి. అలర్జీ ఉబ్బసం ఇది" అంది. నా మొహం చూసి, మళ్లీ విడమరిచింది. "ఒంట్లో కావలి కాసే కణాలు ఉంటాయి. రోగం వస్తే లేవాల్సినవి, దుమ్ముకే లేచి కూర్చుంటున్నాయి. లేచి ఆ పిల్ల ఊపిరితిత్తులనే వాపెక్కిస్తున్నాయి. మీ వైపు నుంచి ఇలాంటి పిల్లలు ఇంకా వచ్చారు. ఏముంది అక్కడ?"

"ఏముంటాదమ్మా, కరువు" అన్నాను.

ఆమె నవ్వలేదు. "అక్కడి గాలి బాగాలేదు. గాలిలో దుమ్ముంది. ఆ గాలికి దూరంగా ఉంచితే ఈ పాప మామూలుగా పెరుగుతుంది. లేకపోతే ఎప్పుడైనా ప్రాణం మీదికి రావచ్చు" అని, నోట్లో పెట్టి పీల్చే పంపు ఒకటి ఇచ్చింది. ఎగపోత వచ్చినప్పుడు రెండుసార్లు కొట్టమంది. ఎట్లా వాడాలో నాకు చేసి చూపించింది.

బయటికొచ్చేసరికి నాగప్ప వరండాలో కూతుర్ని భుజాన వేసుకుని నిలబడ్డాడు. పిల్ల నిద్రపోయింది, ఊపిరి నెమ్మదించింది.

"ఏమంటాదన్నా డాక్టరమ్మ?"

లోపలి గది తలుపు నుంచి అతని దగ్గరికి రావడానికి పట్టినంత సేపే నేను ఆలోచించింది. దుమ్మని చెబితే ఏమవుతుంది? ఓబుళమ్మ మాటకు డాక్టరు మాట తోడవుతుంది. ఊరు గేటు మీదికి వస్తుంది. మిషను ఆగితే నేనెవర్ని? ఎండిన చేనున్న ఇంకొక రైతుని. అన్నా అని పిలిచేవాడుండడు, నా చెయ్యి చూసి ఒదిగేవాడుండడు. అయినా అబద్ధం చెప్పాలనుకోలేదు. డాక్టరమ్మ అన్న మాటల్లోంచే ఒకటి ఏరుకున్నాను.

"గాలంట" అన్నాను.

"గాలా?"

"గాలే నాగప్పా. గాలి బాగలేదంట."

మన దగ్గర గాలి అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. పీల్చేదీ గాలే, పట్టేదీ గాలే. చచ్చినవాళ్లు బతికినవాళ్ల మీదికి వస్తే గాలి సోకింది అంటాం. నాగప్ప మొహంలో రంగు మారడం చూశాను. "నేననుకుంటానే ఉంటి అన్నా. మా యమ్మ మొదట్నే చెప్పినాది. సదువుకున్న డాక్టరమ్మకు గూడా తెలిసినాదంటే సూడు" అన్నాడు. కూతుర్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

నాగప్పా, ఆ గాలి కాదప్పా, మన మిషను దుమ్ము అనడానికి ఎంతసేపు పడుతుంది? అనంతపురం నుంచి ఊరికి అంత దారి ఉంది. దారి పొడుగునా అతను నా పక్కనే కూర్చున్నాడు. నేను తోలుతూనే ఉన్నాను. నేను అబద్ధం ఆడలేదు కదా, ఆమె అన్న మాటే కదా చేరవేశాను అని నాకు నేను చెప్పుకుంటూ తోలాను. ఎన్నేళ్లో అదే పాట పాడుకున్నాను. ఎదుటివాడు తీసుకున్న అర్థం తప్పని తెలిసీ నోరు మూసుకున్నవాడు అబద్ధం ఆడనట్టా?

గుట్ట అవతల పల్లెలో ఒక మంత్రగాడు. అమావాస్య నాడు మిట్టమధ్యాహ్నం రమ్మన్నాడు. నాగప్ప ఇంటివాళ్లందర్నీ నా జీపులోనే తీసుకుపోయాను. పిల్లకు అప్పుడు కొంచెం ఎగపోత ఉంది, ఎక్కువ లేదు. మంత్రగాడు పంపును చూసి, "ఇంగిలీసు మందు ఒంట్లో ఉంటే గాలి దిగదు. దాన్ని పక్కన పెట్టండి" అన్నాడు. నాగప్ప దాన్ని నా చేతికిచ్చాడు. "నీ కాడ ఉంచన్నా." నేను చొక్కా జేబులో వేసుకున్నాను.

మొదట వేపమండలతో కొట్టాడు. తర్వాత చింతబరికె తీశాడు. నాకు దెబ్బల చప్పుడు కొత్త కాదు. కానీ అంత చిన్న వీపు మీద పడే చప్పుడు వేరుగా ఉంటుంది, దానిలో కండ ఉండదు, ఎముకే వినిపిస్తుంది. పిల్ల తల్లి చెవులు మూసుకుంది. పిల్ల ఏడవడానికి గాలి తీసుకుంటే దగ్గొస్తోంది, దగ్గితే దెబ్బ పడుతోంది. మట్టి చట్టిలో నిప్పుల మీద ఎండు మిరపకాయలు చల్లి, ఆ చట్టి ముందు పిల్లను కూర్చోబెట్టి మెడ వంచాడు. దూరంగా నిలబడ్డ మాకే కళ్లు మండి గొంతు పట్టేసింది.

"ఎవురు నువ్వు? యాడ్నించి వచ్చినావు?" అని అరిచాడు, జుట్టు పట్టుకుని.

"మిషను కాడ్నించి" అంది సుజాత.

రోజూ చెప్పే జవాబే. దారిలో ఎవరడిగినా చెప్పేదే. ఉన్న నిజమంతా ఆ రెండు మాటల్లోనే ఉంది. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి కనిపెట్టింది ఆ పిల్ల మిరప పొగలో చెప్పేసింది. అక్కడున్నవాళ్లకు మాత్రం ఒళ్లు జలదరించింది. మిషను దగ్గర చచ్చినవాడు ఒక్కడే. "తిప్పన్నేనా నువ్వు? తిప్పన్నేనా?" అని బరికె ఎత్తితే పిల్ల తల ఊపింది. అలాంటి తల ఊపడం నేను ఎన్నిసార్లో చూశాను. చెయ్యని దొంగతనాన్ని నా బెల్టు కింద ఒప్పుకున్న కూలీలు అట్లాగే ఊపేవాళ్లు. దెబ్బ ఆగాలని ఊపుతారు. కొడితే ఎవరైనా ఒప్పుకుంటారు. నన్నెవరూ కొట్టలేదు, అందుకే ఇన్నేళ్లు పట్టింది.

తిప్పన్న మొండివాడు, తొందరగా వదలడు అని మంత్రగాడు పిల్ల మీద కంబళి కప్పి, చట్టిని కంబళి లోపలికి తోశాడు. కంబళి ఎగిరెగిరి పడింది. లోపల్నుంచి ఆ కూత, ముందు గట్టిగా, తర్వాత సన్నగా. నా చెయ్యి జేబులోకి పోయింది. పంపు తగిలింది. రెండుసార్లు కొట్టాలి. ఎట్లా కొట్టాలో అక్కడ నాకొక్కడికే తెలుసు, నాగప్పకు నేను సరిగ్గా చూపించనే లేదు. నాలుగడుగులు వేసి, నిప్పు చట్టిని తన్ని, కంబళి లాగెయ్యాలి. ఒక్కడు కూడా నాకు ఎదురు నిలిచేవాడు కాదు. నా బెల్టుకు ఊరంతా భయపడేది, ఆ ఒక్క పూట ఆ భయం పనికొచ్చేది. అప్పుడు నాగప్ప అడుగుతాడు. గాలి కాకపోతే ఏమన్నా మరి, అని. ఆ ప్రశ్నకు భయపడ్డాను. పంపును పిడికిట్లో బిగించి, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

కూత ఆగింది. కంబళి కదలడం మానింది.

"గాలి దిగినాది" అన్నాడు మంత్రగాడు.

నాగప్ప అతని కాళ్ల మీద పడ్డాడు. ఆడవాళ్లు చేతులెత్తి మొక్కారు. ఆ కాసేపు అక్కడ సంతోషం ఉంది, మీరు నమ్ముతారా? అంతమందిలో నాకొక్కడికే ఆ నిశ్శబ్దం ఏమిటో తెలుసు. వాళ్లమ్మ కంబళి తీసేదాకా నేను నోరు తెరవలేదు.

ఆ తర్వాత జరిగింది ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు. మొగుడి దయ్యాన్ని పిల్ల మీదికి తోలింది ఓబుళమ్మే అన్నారు. నాగప్ప తమ్ముళ్లూ బావమరుదులూ కట్టెలు పట్టుకుని ఎక్కారు. ఎక్కింది నా జీపే. నేనే తోలాను. ఆమె గుడిసెలోంచి జుట్టు పట్టుకుని ఈడ్చారు. కట్టెలతో, రాళ్లతో, చేతికి దొరికిన కంకరతో కొట్టారు. మా మిషను కొట్టిన కంకరే. చెయ్యి విరిగిన చప్పుడు జీపు దగ్గరికి వినిపించింది. గుడిసెకు నిప్పు పెట్టారు. ఇంజను ఆపకుండా నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. ఆమె నేల మీద పడి నన్నే చూసింది. తిట్టలేదు. వేళ్లాడే చేత్తో ఊరు దాటిపోయింది. బతికిందో చచ్చిందో తెలియదు. వెతికితే తెలిసేది. వెతకలేదు.

మర్నాడు పంపును మిషను నోట్లో వేశాను. బండతో పాటు నలిగిపోయింది. ఆ తర్వాత గేటు దగ్గర అరిచేవాళ్లు లేరు. ఏ ఇంట్లో పిల్లకు ఎగపోత వచ్చినా తిప్పన్న గాలే అనుకున్నారు, తాయెత్తులు కట్టించుకున్నారు. మిషను హాయిగా నడిచింది. నేను ఏరుకున్న మాట అంత పని చేసింది.

కొన్నేళ్లకు నేను మిషను వదిలేసి కొత్తచెరువులో టైర్ల షాపు పెట్టుకున్నాను. బెల్టు మళ్లీ పట్టలేదు. దాన్ని మంచితనం అనుకోకండి, కొట్టడానికి చేతికింద మనుషులు లేరు, అంతే. ఒకరోజు నాగప్ప వచ్చాడు. సుజాత పోయాక పుట్టిన కొడుకును ఎత్తుకుని వచ్చాడు. ఆ కూత షాపు బయటినుంచే వినిపించింది.

"అన్నా, పాపకు పట్టినట్లే వీనికీ పట్టినాది. మంత్రగాని కాడికి పోతాండా. నీకొక మాట చెప్పి పోదామని..."

లేచి అతన్ని లాగి కొట్టాను. ఎందుకు కొట్టానో అతనికి ఈరోజుకీ తెలియదు. కొట్టాల్సిన చెంప నా దగ్గరే ఉంది, చెయ్యి మాత్రం అలవాటు చొప్పున అతని మీదికే పోయింది. ఇద్దర్నీ ఆటోలో తోసి అనంతపురం తీసుకుపోయాను. అదే రక్తం పరీక్ష. అవే కావలి కణాలు, అట్లాగే లేచి కూర్చున్నాయి. డాక్టరు మారాడు గానీ మాట మారలేదు. ఈసారి వరండాలో నాగప్ప అడక్కముందే చెప్పాను. గాలి కాదప్పా, దుమ్ము, మన మిషను దుమ్ము. ఇల్లు మార్చుకో. పంపు వాడు. ఎవురు వద్దన్నా ఇడ్సిపెట్టద్దు. ఎట్లా కొట్టాలో చేసి చూపించాను. నేర్చుకున్నది మర్చిపోలేదు.

అతను ఇల్లు మార్చుకున్నాడు. పిల్లవాడు ఇప్పుడు బడికి పోతున్నాడు, పరిగెత్తుతున్నాడు. ఇక్కడితో ఆపితే నన్ను కొంచెం మంచివాణ్ణి అనుకుంటారు. ఆపకూడదు.

ఆరోజు తిరిగి వస్తూ బస్టాండులో కూర్చున్నాం. పిల్లవాడు ఒళ్లో నిద్రపోతున్నాడు. నాగప్ప నా వైపు చూడకుండా అడిగాడు.

"అన్నా, అట్లయితే పాపకు గూడా దుమ్మేనా?"

నా ముందు తలుపు తెరిచి పెట్టినట్టే అది. అవునంటే చాలు.

"లేదప్పా. పాపకు గాలే" అన్నాను.

మొదటిసారి డాక్టరమ్మ మాట చాటున దాక్కున్నాను. ఈసారి దాక్కోవడానికి ఎవరి మాటా లేదు. ఆ అబద్ధం మొత్తం నాదే. నాగప్ప ఊపిరి వదిలాడు. భుజాలు దిగాయి. అతను బాధపడకూడదని, తన చేత్తోనే పంపు తీసిచ్చానని కుమిలిపోకూడదని అట్లా చెప్పానని కొన్నాళ్లు నన్ను నేను మోసం చేసుకున్నాను. అతని మీద జాలేనా అది? జాలి ఉన్నవాడివైతే ఆ పంపు జేబులో ఎందుకుంచావురా? అతను నన్ను అన్నా అని పిలవడం మానేస్తాడని చెప్పలేదు. అంతకంటే వేరే కారణం లేదు. పంట చేతికొచ్చిన ఏడాదల్లా అతను పచ్చి వేరుశనగ సంచి తెచ్చి నా గడపలో పెడతాడు. "నువ్వు లేకపోతే వీడు గూడా దక్కేవాడు కాదన్నా" అంటాడు. ఆ కాయలు మా ఇంట్లో ఉడకబెడతారు. నేనూ తింటాను.

ఎవరు క్షమించాలి నన్ను? సుజాత లేదు. ఓబుళమ్మ ఎక్కడుందో తెలియదు. నాగప్ప క్షమిస్తాడు, అట్లే అన్నా అంటాడు, అదే నాకు భయం. మీరు క్షమించడానికి మీకేం హక్కుంది? కాబట్టి అడగడం లేదు. ఇది చదివి మీరు చేతులు కడుక్కోండి, ఫరవాలేదు.

ఇందాక రాసిందంతా ఒకసారి గట్టిగా చదువుకున్నాను. నా గొంతులో ఈ మాటలు ఈ వరసలో ఎప్పుడూ పలకలేదు. గుండె తేలిక పడిందని అనను. ఇంకొక్కటి మిగిలింది. బస్టాండులో అతను అడిగినదానికి జవాబు. దాన్ని ఎన్నిసార్లో నోటిదాకా తెచ్చుకుని మింగేశాను. ఇక్కడ రాస్తున్నాను, నువ్వు చదవలేవని తెలిసే రాస్తున్నాను.

దుమ్మే నాగప్పా. పాపకు గూడా దుమ్మే.